మా వీధి అర్బన్ అయిన మాఘం

విక్రమ నామ సంవత్సరం, మాఘ శుద్ధ తదియ, గురువారం. ఇంగ్లీషు లెక్కలో 1941 జనవరి ముప్పై. పొద్దున ఎనిమిదిన్నర. నాగర్‌కర్నూల్‌లో మేము అద్దెకున్న మిద్దె ఇంట్లో, పైకప్పు గవాక్షిలోంచి ఎండ పడే చోట, ఒక ఎలుక గిరగిరా తిరిగి పడిపోయింది. గంట ఇంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, మా నాయన ఆ మధ్యనే గోడకు గడియారం తగిలించాడు. అది అరగంటకు ఒకసారి కొడుతుంది. అది కొట్టడమూ ఎలుక పడటమూ ఒక్కసారే జరిగాయి.

అవ్వ అప్పుడు జొన్న రొట్టెలు చేస్తోంది. అవ్వ అంటే మా నాయన తల్లి. పెనం మీది రొట్టెను తిప్పకుండానే లేచి, ఎలుకను పట్టుకారుతో ఎత్తి, పెరట్లోకి తీసుకుపోయి గ్యాసునూనె పోసి కాల్చింది. చేతులు కడుక్కొని లోపలికి వచ్చి ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలుపెట్టింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. మా వైపు అనాల్సిన అవసరం ఉండదు. ఇంట్లో ఎలుక అట్లా తిరిగి పడిందంటే ప్లేగు వచ్చినట్టే. ఊరి బయట చెల్కల్లో జొన్నచొప్పతో గుడిసెలు వేసుకుంటారు. తోమిన గిన్నెలు, ఉతికి ఎండేసిన బట్టలు తప్ప ఏమీ తీసుకుపోరు. గింజలు తీసుకుపోరు, బొంతలు అసలే తీసుకుపోరు. గవాక్షి మూత తీసి ఇంట్లోకి ఎండ పడనిచ్చి, తలుపుకు అడ్డంగా తుమ్మకంప పెట్టి వెళ్లిపోతారు. ఉగాది దాటాక, ఇల్లంతా సున్నం కొట్టాకే మళ్లీ లోపలికి వస్తారు. నాకు అప్పటికి పదకొండేళ్లు. ఇదంతా నాకు కూడా తెలుసు.

నాయనకు తెలియదా అంటే తెలుసు. ఆయన అద్దం ముందు షేర్వాణి గుండీలు పెట్టుకుంటున్నాడు. తాలూకా కచేరీలో గుమాస్తా. బిందెల చప్పుడు విని వెనక్కి తిరిగాడు.

“ఎలుక పడ్డది కొడుకా,” అంది అవ్వ. “ఇయ్యాలనే ఇల్లిడవాలె. రేపు శుక్రారం.”

శుక్రవారం ఇల్లు విడిస్తే లక్ష్మి కూడా విడిచిపోతుందని మా వాళ్ల నమ్మకం. అందుకే ఆమె తొందర.

“ఒక్క ఎలుకకే ఇల్లిడుస్తరా అమ్మా. పిల్లి కొట్టుంటది.”

“పిల్లి కొడితె నెత్తురొస్తది.”

నాయన బిందెలు లోపల పెట్టమని మా అమ్మకు చెప్పాడు. అమ్మ అవ్వ ముఖం ఒకసారి, నాయన ముఖం ఒకసారి చూసి, ఒక బిందెను గడప మీద పెట్టింది. లోపలా కాదు, బయటా కాదు. నాయన ఆ బిందెను దాటుకొని కచేరీకి వెళ్లిపోయాడు.

ఆయన ఎందుకు అట్లా చేశాడో చెప్పాలంటే అర్బన్ అనే మాట మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

అది జనాభా లెక్కల సంవత్సరం. పుష్యమాసంలో మనుషులు వచ్చి ఇంటింటికీ తలుపు పక్కన ఎర్ర జాజుతో నంబర్లు వేశారు. మా వీధిలో లెక్క రాసే పని మా నాయనకు పడింది. ఎట్లా రాయాలో నేర్పడానికి పైనుంచి ఒక అధికారి వచ్చి కచేరీ వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఒక పూటంతా చెప్పాడట. ఆయన ఉర్దూలోనే చెప్పాడు, కానీ మధ్య మధ్య ఇంగ్లీషు మాటలు పడ్డాయి. పల్లెటూరిది అనే దేహాతీని రూరల్ అన్నాడు, పట్నానిది అనే షహరీని అర్బన్ అన్నాడు. నాగర్‌కర్నూల్ అర్బన్ కింద వస్తుందని కూడా అన్నాడు. మా నాయన ఆ రోజు ఇంటికి వచ్చిన నడకే వేరు.

రాత్రి అన్నం దగ్గర నన్ను కూర్చోబెట్టుకొని అర్థం చెప్పాడు. నాకు లెక్కలూ అక్షరాలూ ఆయనే నేర్పేవాడు. ఆ మాట ఒంటరిగా ఉండదని, దాని పక్కన ఇంకొకటి ఉండాలని అన్నాడు. “నల్ల బర్రె అంటం. పాత బాయి అంటం. గట్లనే అర్బన్ ఇల్లు, అర్బన్ వీధి.” ఊరు పెద్దదైతే చాలా అని అడిగాను. చాలదన్నాడు. మనుషులు ఎక్కువుండాలి, పనులు వేరుగా ఉండాలి, దున్నేవాళ్లకంటే రాసేవాళ్లూ అమ్మేవాళ్లూ చేసేవాళ్లూ ఎక్కువ కనిపించాలి. ఇవన్నీ అధికారి చెప్పినవేనేమో. ఆ తర్వాత చెప్పినవి మాత్రం మా నాయన సొంతం. అర్బన్ అంటే పొద్దున లేచి పళ్లు తోముకుంటూ వీధిలో తిరగకపోవడం. అర్బన్ అంటే గడియారం చూసి తినడం. అర్బన్ అంటే ఇంటి ముందు పేడ ఉండకపోవడం.

మాకు బర్రె ఉంది. రెండేళ్ల కిందట బిజినేపల్లి నుంచి వచ్చేటప్పుడు అవ్వ దాన్ని వెంట తెచ్చుకుంది. ఆమె అడిగింది, “మరి గీ బర్రె ఏం బర్రె కొడుకా?”

“బర్రె అర్బన్ కాదు.”

“పాలు?”

నాయన కూడా నవ్వాడు. అయినా మర్నాడే బర్రెను వీధి చివరి పాకలోకి మార్పించాడు. పిడకలు పెరటి గోడకు కొట్టమన్నాడు. దీపం బుడ్డి మార్చి చిమ్నీ పెట్టాడు. దాన్ని అర్బన్ దీపం అనేవాడు. అమ్మ చిమ్నీ తుడిచేటప్పుడు పగలగొడితే అర్బన్ గాజు గుచ్చుకుంటుంది జాగ్రత్త అన్నాడు. మా ఐదేళ్ల తమ్ముడు కనిపించినదానికల్లా ఆ మాట తగిలించేవాడు. అర్బన్ కుక్క, అర్బన్ ఉల్లిగడ్డ. ఆ మూడు వారాలూ మా ఇల్లు సంతోషంగా ఉంది. అది కూడా రాయకపోతే లెక్క తప్పవుతుంది.

ఆ సంతోషం వెనుక ఉన్నది మాకందరికీ తెలుసు. కచేరీలో చేరిన కొత్తలో నాయన మధ్యాహ్నానికి జొన్న రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చికారం గుడ్డలో కట్టుకొని పోయేవాడు. తోటి గుమాస్తాలు దాన్ని దేహాతీ ఖానా అని నవ్వారట. రెండో నెల నుంచి ఆయన మూట తీసుకుపోవడం మానేశాడు. సాయంత్రం దాకా పస్తుండి ఇంటికొచ్చి అదే రొట్టె తినేవాడు. అట్లాంటి మనిషిని ఒక పెద్ద అధికారి, అందరి ముందు, నీ వీధి షహరీ అన్నాడు. ఇప్పుడు మా పక్క ఊళ్లలో కూడా ఆఫీసుల బోర్డుల మీద అర్బన్ అని రాసి ఉంటుంది. దాని కిందనే నిలబడి జనం బస్సుకోసం చూస్తుంటారు. ఎవరూ తల ఎత్తి చదవరు. ఆ మాటకు అంత బరువు ఉండేదని చెప్పినా నమ్మరు.

ఎలుక పడిన సాయంత్రానికి వీధిలో మరో నాలుగు ఇళ్లలో పడ్డాయి. జనం చొప్పకట్టలు మోస్తున్నారు. నాయన కచేరీ నుంచి వస్తూ అది చూసి, బట్టలు కూడా మార్చకుండా వీధి మధ్యలో నిలబడి మగవాళ్లను పిలిచాడు. నేను అవ్వ పక్కన గడపలో ఉన్నాను.

ఆయన చెప్పినదాని సారం ఇది. లెక్కలకు ఇంక నెల కూడా లేదు. ఇన్ని వేల తలలు ఉంటేనే ఊరిని అర్బన్ కింద రాస్తారు. అందరూ చెల్కల్లో గుడిసెలు వేసుకుంటే ఇళ్లు ఖాళీ అని రాయాల్సి వస్తుంది. ఊరు రూరల్‌లో పడుతుంది. ఒకప్పుడు ఈ ఊళ్లో జిల్లా కచేరీ ఉండేది, అది పాలమూరుకు పోయింది. ఇప్పుడు ఇది కూడా పోతే మిగిలేది సంత ఒక్కటే. ప్లేగుకు సూది ఉంది, సర్కారు మనుషులు వస్తారు, తాను పిలిపిస్తాడు. సూది వేయించుకొని ఇంట్లో ఉండేది అర్బన్ మనుషులు. ఎలుకను చూసి పారిపోయేది దేహాతీలు.

జనం వింటున్నారు. కచేరీ మనిషి మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. చొప్పకట్టలు దించినవాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు అవ్వ గడప దిగి వీధిలోకి నడిచింది.

“నువ్వు పుట్టిందే ఎలుకలు పడ్డ ఏడు. చెల్కల, చొప్పగుడిసెల. గా దినం గుడిసె ఇడిచి ఇంట్లకొచ్చి కన్నుంటె నువ్వుండేటోనివి కాదు, నేనుండేదాన్ని కాదు.”

మా నాయన గుడిసెలో పుట్టాడని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఒకరెవరో నవ్వారు. ఆ తర్వాత ఇంకొందరు. అవి చెడ్డ నవ్వులు కావు, పెద్దావిడ మాటకు నవ్వినవి. కానీ నేను నాయన ముఖం చూశాను. రొట్టె మూట మానేసిన రోజు కూడా ఆయన ముఖం అట్లాగే ఉండి ఉంటుంది. అవ్వ ఆ మాట ఇంట్లో చెప్పి ఉంటే ఆయన విని ఉండేవాడని మా అమ్మ చాలా ఏళ్ల తర్వాత అంది. నేను కూడా అదే అనుకుంటాను. నలుగురిలో చెప్పాక ఆయనకు తిరిగి రావడానికి దారి లేకపోయింది.

“గందుకే చెప్తున్న,” అన్నాడు. “గుడిసెల పుట్టినోన్ని గుడిసెలకు పోనంటున్న.”

వీధిలో ఎక్కువమంది మళ్లీ చొప్పకట్టలు ఎత్తుకున్నారు. రెండు ఇళ్ల వాళ్లు మాత్రం ఆగిపోయారు. ఒకటి పక్కింటి పెద్దనాయన ఇల్లు. మాకు చుట్టం కాదు, వరసకు అట్లా పిలిచేవాళ్లం. ఆయనా, పెద్దమ్మా, పాలు తాగే పిల్లవాడితో కోడలూ ఉండేవాళ్లు. కొడుకు బొంబాయి మిల్లులో పని. ఆయన భూమి తగాదా కచేరీలో నడుస్తోంది, ప్రతి కాగితం మా నాయనే చదివి చెప్పేవాడు. రెండోది ఎదురింటి వడ్లాయన ఇల్లు. కచేరీకి బల్లలూ కుర్చీలూ ఆయనే చేసేవాడు, ఆ పని ఇప్పించింది మా నాయన. వాళ్లకు అర్బన్ అంటే ఏమిటో తెలియదు. మా నాయన ఉంటున్నాడు కాబట్టి తామూ ఉన్నారు.

అవ్వ ఆ పొద్దే తన బట్టలు మూట కట్టింది. పిల్లలిద్దరినీ తీసుకుపోతానంది. నాయన తమ్ముణ్ని దగ్గరికి లాక్కున్నాడు. చివరికి, “పిల్లను తీస్కపో. పిలగాడు ఇంట్లనే ఉంటడు,” అన్నాడు.

అది ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆలోచిస్తే ఒక్కటే కారణం కనిపిస్తుంది. కొడుకును గుడిసెకు పంపితే తాను కూడా భయపడ్డట్టే అవుతుంది. ఆడపిల్లను పంపితే ముసలామెకు తోడు అని చెప్పుకోవచ్చు. నేను ఈ పూట కూర్చొని ఇది రాస్తున్నానంటే దానికి కారణం నా ఆయుష్షు గట్టిది కావడం కాదు. ఆ ఇంటి పరువులో నాకు వాటా తక్కువ కావడం.

తమ్ముడు వస్తానని ఏడ్చాడు. వాడికి గుడిసె అంటే ఆట. అమ్మ వాణ్ని చంకనేసుకొని పెరట్లోకి పోయింది. మేము బర్రెను తోలుకొని, ఊరికి తూర్పున పల్లికాయ పీకేసిన చెల్కలోకి పోయాం. అక్కడ మా వీధివాళ్లే ఒకరికొకరు గుడిసెలు వేస్తున్నారు. మాకు కూడా వేసిచ్చారు. మీ నాయన రాలేదేమని ఎవరూ అడగలేదు. అందరూ విన్నదే. అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది. గిన్నెలు కడిగే చోట ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నేను రాగానే చలి గురించి మాట్లాడేవారు.

రోజూ పొద్దున పాలు పిండి అవ్వ నా చేతికిచ్చేది. వీధి చివరి వేపచెట్టు దాటి పోవద్దని ఒట్టు. అక్కడ చెంబు దించి దూరంగా నిలబడితే అమ్మ వచ్చి తన గిన్నెలోకి వంపుకొని చెంబు అక్కడే పెట్టేది. తమ్ముడు ఇంటి అరుగు మీదినుంచి నాకు వినబడేట్టు తలుపు మీది నంబరు అరిచి చెప్పేవాడు. నాయన వాడికి నేర్పాడు. తుమ్మకంపలు అడ్డం పెట్టిన వీధిలో వాడి గొంతు ఒక్కటే.

రథసప్తమి దాటిన రెండో రోజు, బుధవారం, సూది మనుషులు వచ్చారు. మా నాయన పిలిపిస్తానన్నాడు, పిలిపించాడు. ఆ మాట తప్పలేదు. వేపచెట్టు కింద స్పిరిట్ దీపం వెలిగించి సూదులు కాచారు. మూడిళ్ల వాళ్లూ వరసలో నిలబడ్డారు. వచ్చిన కాంపౌండరుకు తెలుగు రాదు. ఆయన ఉర్దూలో చెప్తుంటే నాయన తెలుగులో అందరికీ చెప్పాడు. నేను పాలచెంబుతో అక్కడే ఉన్నాను. నాకు ఉర్దూ అర్థం కాదు కానీ ఒక సంగతి గమనించాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు, చెయ్యి ఇళ్ల వైపు రెండుసార్లు చూపించాడు. నాయన చెప్పింది మాత్రం చిన్నది. సూది వేసుకున్నాక జ్వరం వస్తే భయపడొద్దు, రెండు రోజుల్లో పోతుంది, అంతే. పెద్దనాయన తలూపాడు. వడ్లాయన చేతికి సూది గుచ్చితే కలపకు గుచ్చినట్టు ఉందని నవ్వాడు.

మర్నాడు అదే కాంపౌండరు గుడిసెల దగ్గరికి వచ్చాడు. అక్కడ మాతో పాటు ఉన్న ఒక సాయిబు, బట్టలు కుట్టేవాడు, ఆయన మాటలు తెలుగులోకి మార్చాడు. ఈసారి తెలుగు కూడా ఉర్దూ అంతే పొడుగు ఉంది. సూది పని చేయడానికి కొన్ని రోజులు పడతాయట. అప్పటిదాకా ఎలుకలు పడిన ఇంట్లో అడుగు పెట్టొద్దట. ఇల్లు విడవడమే అసలు మందు, సూది దానికి తోడు. ఇదే మాట నిన్న వీధిలో కూడా చెప్పానని, అక్కడివాళ్లు ఇంకా ఎందుకు రాలేదని కాంపౌండరు అడిగాడట. సాయిబు ఆ మాట కూడా తెలుగులో చెప్పాడు. చెప్పి నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

అందరూ నా వైపే చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవ్వ మాత్రం నిలబడలేదు. చెప్పులు లేకుండానే చెల్కకు అడ్డంపడి ఊరి వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తాను.

ఆమె వేపచెట్టు దగ్గర ఆగి నాయనను కేకేసింది. ఆయన బయటికి వచ్చాడు. ఆమె కోపం చేయలేదు. ఆ రోజు ఆమె గొంతు ఎంత తగ్గించిందంటే నేను పక్కనే ఉండి కూడా చెవి రిక్కించి విన్నాను.

“ఇల్లిడవమని చెప్పిండంట గద. నీకు వినబడలేదా కొడుకా?”

“వినబడ్డది.”

“మరి?”

ఆయన పెద్దనాయన ఇంటి వైపు, వడ్లాయన ఇంటి వైపు చూశాడు. “నా మాట మీద ఉన్నరమ్మా ఈళ్లు. ఇప్పుడు నేనే పోతె నలుగురిల మొఖమెట్ల సూపియ్యాలె?”

“మొఖం నాకు సూపియ్యి. పిలగాన్ని నాకియ్యి.”

ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. శనివారం పొద్దున వాణ్ని తానే తెచ్చి అప్పగిస్తానన్నాడు. రేపు శుక్రవారం అని ఈసారి ఆయనే అన్నాడు. అర్బన్ మనుషులకు శుక్రవారం ఏమిటని అవ్వ అడగలేదు. అడిగితే మళ్లీ మొండికేస్తాడని భయపడి ఉంటుంది. ఆమె పోయి మిగతా రెండు ఇళ్ల ముందు నిలబడి కాంపౌండరు మాట మొత్తం చెప్పింది. పెద్దనాయన విన్నాడు. గుమాస్తా నిన్న ఈ సంగతి చెప్పలేదే అన్నాడు. అవ్వ తల దించుకుంది. ఆయనకు అర్థమైంది. సరే, శనివారం పోతామన్నాడు, శుక్రవారం కోడలినీ పసివాణ్నీ ఎట్లా ఇల్లు కదిలిస్తామన్నాడు. వడ్లాయన భార్య, పిల్లలు మాత్రం అప్పుడే మా వెంట వచ్చారు. వడ్లాయన కచేరీకి ఇవ్వాల్సిన బల్ల ఒకటి మిగిలిందని ఆగిపోయాడు.

శనివారం పొద్దున నేను పాలతో పోయేసరికి అమ్మ వేపచెట్టు దగ్గర ముందే నిలబడి ఉంది. చేతిలో గిన్నె లేదు. పిల్లవాడికి రాత్రి నుంచి కాక ఎక్కువగా ఉందని, సూది జ్వరమని మీ నాయన అంటున్నాడని చెప్పింది. చెబుతూ తన చంకలో చెయ్యి పెట్టుకొని చూపించింది. అక్కడ వాడికి గడ్డ ఉందని. నన్ను వెనక్కి పొమ్మంది.

మాఘ పూర్ణిమ నాడు, మంగళవారం, తమ్ముడు పోయాడు. నేను వాణ్ని చూడలేదు. నాయన ఒక్కడే తన షేర్వాణిలో చుట్టి ఎత్తుకుపోయి పూడ్చాడు. మాకు సాయం రావడానికి వీధిలో మనుషులు లేరు. గుడిసెల దగ్గరివాళ్లు రాలేదు. భయంతో రాలేదో మా మీద అసహ్యంతో రాలేదో మాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా లేదు. మా పిల్లవాణ్ని అట్లా విడిచి పోలేక శనివారం కూడా ఆగిపోయిన పెద్దనాయన ఇంట్లో కోడలికి ఆ రోజే జ్వరం వచ్చింది. ఆమె తర్వాత పెద్దమ్మకు. ఇద్దరూ దక్కలేదు. వడ్లాయనను ఆయన పని చేసే బల్ల మీదనే పోయి ఉండగా చూశారని విన్నాను.

అమ్మా నాయనా అప్పుడు గుడిసెకు వచ్చారు. పెద్దనాయన పసివాణ్ని ఎత్తుకొని వచ్చాడు. ఆ పిల్లవాడికి మా బర్రె పాలే పట్టారు. పాలు అడగడానికి ఆయన రాలేదు, అవ్వే తీసుకుపోయి ఇచ్చింది. ఆయన గుడిసె గుమ్మంలో ఆమె కూర్చొని దూదివత్తితో పట్టేది.  నాయన మాత్రం ఆ గుడిసె ముందు నుంచి నడవాల్సి వస్తుందని చెల్క చుట్టూ తిరిగి కచేరీకి పోయేవాడు.

శివరాత్రి దాటాక లెక్కల అధికారి మళ్లీ వచ్చాడు. నాయన కచేరీ నుంచి తిరిగి వచ్చి కాళ్లు కడుక్కోకుండా గుడిసె బయట కూర్చున్నాడు. అమ్మ నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన చెప్పాడు. ప్లేగుకు భయపడి ఊరి బయట గుడిసెల్లో ఉన్నవాళ్లను ఎట్లా రాయాలని ఎవరో అడిగితే, ఏ ఇంటివాళ్లను ఆ ఇంటి నంబరు కిందనే రాయండి, వాళ్లు ఊరివాళ్లే కదా అన్నాడట. ఊరు అర్బనే. గుడిసెల్లో ఉన్నా, చెట్ల కింద ఉన్నా.

అమ్మ నీళ్లచెంబు ఆయన వైపు జరిపింది.

“గది ముందుగాల్ల అడగకపోతివా,” అంది.

ఆయన తల వంచుకొని నేల మీద వేలితో గీస్తూ ఉండిపోయాడు. అడగడానికి సిగ్గుపడ్డానని చెప్పాడు. అడిగితే ఇంత చిన్న సంగతి తెలియదా, దేహాతీ అనుకుంటారని అడగలేదట. దేహాతీ అన్న మాట ఆయన నోటి వెంట వినడం అదే చివరిసారి. అర్బన్ అన్న మాట కూడా.

లెక్క రాసే రోజు ఆయన మా వీధివాళ్ల గుడిసెలన్నీ తిరగాల్సి వచ్చింది. సిరాబుడ్డి పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. ఒక్కడే పోలేక తీసుకుపోయాడని ఇప్పుడు అనుకుంటాను. ప్రతి గుడిసె ముందూ నిలబడి ఇంటి యజమాని పేరు, తర్వాత మిగతావాళ్ల పేర్లు అడగాలి. జనం మర్యాదగానే చెప్పారు. వడ్లాయన భార్య యజమాని పేరు అడగ్గానే లోపలికి వెళ్లిపోయింది. ఆమె పెద్దకొడుకు వచ్చి తన పేరు చెప్పాడు. వాడికి పన్నెండేళ్లు.

పెద్దనాయన గుడిసెను నాయన చివరికి ఉంచుకున్నాడు. పోయేసరికి పొద్దు వాలుతోంది. ఆయన పసివాణ్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. నాయన కలం సిరాలో ముంచాడు. 

“అన్నా, ఇంట్ల ఎందరు?”

“నువ్వే చెప్పు తమ్మీ,” అన్నాడాయన. కోపంగా అనలేదు. “నీకు తెల్వదా.”

నాయన కలం మీది సిరా ఆరిపోయింది. మళ్లీ ముంచాడు. ఇద్దరు అని రాశాడు. రాసి, ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పెద్దనాయన ఆయన భుజం మీద చెయ్యి వేయలేదు, కాళ్లు కూడా వెనక్కి తీసుకోలేదు. పసివాడు ఏడవడం మొదలుపెడితే అవ్వ వచ్చి ఎత్తుకుపోయింది. నేను సిరాబుడ్డి పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

ఉగాది తర్వాత అందరూ ఇళ్లకు సున్నాలు కొట్టుకొని లోపలికి పోయారు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసి బిజినేపల్లికి వెళ్లిపోయాం. నాయన అక్కడినుంచి రోజూ సైకిలు మీద కచేరీకి పోయి వచ్చేవాడు. జొన్న రొట్టె మూట కట్టుకొనే పోయేవాడు. ఎవరైనా నవ్వారో లేదో మాకు చెప్పలేదు. నేను ఆ వీధికి మళ్లీ పోలేదు. పెళ్లయ్యాక అత్తగారి ఊరికి పోయే బండి ఆ దారినే పోతుందంటే చుట్టూ తిప్పించి తీసుకుపొమ్మన్నాను.

మా వీధిలో ఇళ్లు పదకొండు. విడిచినవి ఎనిమిది. వాటిలో ప్లేగుతో పోయినవాళ్లు ఒక్కరూ లేరు. విడవనివి మూడు. మా ఇంట్లో తమ్ముడు, ఐదేళ్ల నాలుగు నెలలు. పక్కింట్లో పెద్దమ్మ, కోడలు. ఎదురింట్లో వడ్లాయన. మొత్తం నలుగురు.